పురుడు అయ్యాక

మండవల్లి చుట్టుపక్కల ఊళ్లలో తొలికాన్పు ఇప్పటికీ పుట్టింటి బాధ్యతే. ఆడపిల్ల వెంట సారె వస్తుంది, మందుల సంచీ వస్తుంది, అత్తింటి దగ్గర చూపించుకున్న కాగితాలూ వస్తాయి. నెలసరి పది రోజులు ఆగకపోవడం, పన్ను తీయిస్తే రాత్రంతా నెత్తురు కారడం మాత్రం ఏ కాగితంలోనూ ఉండవు. సంబంధం చెడుతుందని ఇంట్లోనే మింగేసిన మాటలవి.

ఆ మాటల వెనక వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి ఉండొచ్చు. నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన ఒక ప్రొటీన్ పుట్టుకతోనే తక్కువ కావడం, లేదా సరిగా పనిచేయకపోవడం ఈ జబ్బు. 1926లో ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ దీని గురించి తొలిసారి రాశారు. ఆయన పరీక్షించిన ఆలాండ్ దీవుల ఐదేళ్ల పాప, పదమూడో ఏట నాలుగో నెలసరిలో నెత్తురు ఆగక చనిపోయింది. హీమోఫిలియాలా ఎక్కువగా మగపిల్లలను పట్టేది కాదిది. దీని మూడు రకాల్లో అరుదైన మూడో రకం అమ్మానాన్నలిద్దరి నుంచీ సంక్రమిస్తుంది. మేనరికాలున్న మనచోట ఈ సంగతి చెప్పుకోక తప్పదు.

గర్భిణిలో ఈ జబ్బు దాగుతుంది. స్వల్ప రకాల్లో నెలలు నిండేకొద్దీ ఆ ప్రొటీన్ దానంతటదే పెరుగుతుంది, పరీక్ష బాగానే ఉన్నట్టు చూపిస్తుంది. కాన్పయ్యాక ఒకటి నుంచి మూడు వారాల్లో మళ్లీ పాత మట్టానికి పడిపోతుంది. అంటే కాన్పు సుఖంగా జరిగి, తల్లీబిడ్డా ఇంటికి చేరి, చుట్టాలు చూసి వెళ్లాక అసలు గండం మొదలవుతుంది. పురిట్లో నెత్తురు పోవడం మామూలేనని పెద్దలు ఊరుకునే రోజులు కూడా అవే. మూడో రకంలో ఆ పెరుగుదల అసలే ఉండదు.

అందుకే కడుపు నిలిచిన తొలి నెలల్లోనే ఆ దాచిన నెత్తురు సంగతులు అడగాలి, పరీక్ష చేయించాలి. లోపం ఉన్నట్టు తేలితే ఆ ప్రొటీన్‌ను భర్తీ చేసే ఫ్యాక్టర్ మందు, రక్తనిధి ఉన్న పెద్దాసుపత్రిలోనే కాన్పు కుదుర్చుకోవాలి. బిడ్డకూ ఆ లోపం ఉండొచ్చు కనుక వాక్యూమ్‌తో లాగకూడదు. ఇంటికి పంపేటప్పుడు, నెత్తురు పోవడాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం ఎన్నాళ్లు వాడాలో రాసివ్వాలి.

ఆసుపత్రిలో పురుడైనా ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో బిడ్డను చూడటానికి ఇంటికి వస్తుంది. గండం పొంచి ఉండేదీ ఆ వారాల్లోనే. బిడ్డను తూచాక బాలింత వైపు తిరిగి, నెత్తురు తగ్గుతోందా, మళ్లీ ఎక్కువైందా అని అడగాలి. గంటకో ప్యాడ్ తడుస్తోందంటే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.