మార్కుల పట్టిక వెనుక ఇల్లు

ప్రభుత్వం బడిని గురించి రెండు విధాల లెక్కలు కడుతుంది. ఒకటి తలల లెక్క, రెండవది చదువు లెక్క. బాలురు ఎందరు, బాలికలు ఎందరు, షెడ్యూల్డు కులాలవారు ఎందరు, తెగలవారు ఎందరు, ఉపాధ్యాయులు ఎందరు అన్నది మొదటిది. ఆ పిల్లలలో ఎందరు చదవగలరు, ఎందరు తీసివేతలు చేయగలరు అన్నది రెండవది. ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చదివే అలవాటు మనకు తక్కువ. రెండవదాన్ని చూసి బడికి మంచిపేరో చెడ్డపేరో పెడతాము. మొదటిది బీరువాలో ఉండిపోతుంది.

జంషెడ్‌పూరుకు తూర్పు భాగాన బారిడీహ్ అనే పేట ఉన్నది. ఒక వంక ఉక్కు కర్మాగారపు ఉద్యోగుల క్వార్టర్లు, మెర్సీ ఆసుపత్రి, 2020లో వెలసిన వైద్య కళాశాల. మరొక వంక బస్తీలు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, సాక్చి గ్రామం దగ్గర కర్మాగారం లేచి, 1912లో మొదటి ఉక్కు దిమ్మ బయటికి వచ్చిన నాటినుంచి ఈ ఊరికి నలుదిక్కుల నుంచీ జనం వచ్చి చేరారు. మన శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలవారూ అలా రైలెక్కి వచ్చినవారే. బిష్టుపూరులోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి నివాసానికి సాక్ష్యంగా నిలిచి ఉన్నది. ఇటువంటి ఊళ్ళో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల అంటే సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా, భోజ్‌పురీ, తెలుగు మాట్లాడే ఇళ్ళకు అందుబాటులో ఉన్న బడి. ఎదుట తెరిచిన వాచకం మాత్రం సాధారణంగా హిందీది.

అనువాదం నా వృత్తి. పరాయి భాషలోని ఒక పుటను తెలుగులోకి తేవడానికి నాకు నిఘంటువు కావాలి, తీరిక కావాలి, తప్పు దిద్దుకునే వ్యవధి కావాలి. ఆరేళ్ళ పసివానికి ఇవేవీ ఉండవు. ఉపాధ్యాయుడు అడిగిన ప్రశ్నను ఇంటి మాటలోకి మార్చుకొని, జవాబు ఆలోచించుకొని, దాన్ని మళ్ళీ బడి మాటలోకి మార్చి అప్పజెప్పాలి. పట్టికలో పడే మార్కు ఒక్కటే. అందులో వాని లెక్కల జ్ఞానమెంత, భాషా శ్రమ ఎంత అన్నది ఎవరూ విడదీయరు.

రాజ్యాంగం ఈ సంగతి ఎరుగనిది కాదు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించవలెనని 350ఎ అధికరణం చెబుతున్నది. అది 1956లో చేరింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా మాతృభాషా బోధననే కోరింది గాని, ‘ఆచరణసాధ్యమైనంత వరకు’ అని ఒక మాట జోడించింది. ఆరు భాషల పిల్లలు ఒకే గదిలో కూర్చున్న చోట ఆ చిన్న మాటే పెద్ద ద్వారమై, తక్కిన వాక్యమంతా అందులోనుంచి జారిపోతుంది.

ఇక అంకెల సంగతి. ఒక తరగతిలో 20 మంది ఉన్నారనుకుందాము. వారిలో 12 మంది ధారాళంగా చదవగలరు; అంటే నూటికి 60. కొంచెం స్థోమత గల నలుగురు తల్లిదండ్రులు, చక్కగా చదివే తమ పిల్లలను ప్రైవేటు బడికి మార్చారు. మిగిలినవారు 16, చదవగలిగినవారు 8, నూటికి 50. బోధన తగ్గలేదు, ఏ పిల్లవాడూ వెనుకబడలేదు, అయినా బడి పదిపాళ్ళు ‘పడిపోయింది’. ఈ పతనం చూసి మరికొందరు వెళ్ళిపోతారు. సంఖ్య బాగా తగ్గితే బడి ఉనికికే ముప్పు. 2018 ప్రాంతంలో జార్ఖండ్‌లో పిల్లలు తక్కువగా ఉన్న బడులను వేల సంఖ్యలో పక్క బడులలో విలీనం చేశారు. అటువంటప్పుడు దూరం పెరిగేది వెళ్ళిపోయిన నలుగురికి కాదు, నిలిచిపోయిన పదహారుగురికి.

అయితే పేదరికాన్ని చూపి బడి తన బాధ్యతను దులుపుకొనవచ్చునా? 1966లో అమెరికాలో జేమ్స్ కోల్మన్ బృందం లక్షలాది విద్యార్థులను పరిశీలించి, చదువులోని తేడాలకు బడి వసతులకంటె ఇంటి పరిస్థితులే పెద్ద కారణమని తేల్చింది. చాలామంది అంతవరకే జ్ఞాపకం పెట్టుకున్నారు. ఇంటి ఆసరా తక్కువైన పిల్లలపైననే ఉపాధ్యాయుని యోగ్యతకు ఎక్కువ ప్రభావం ఉంటుందని కూడా ఆ నివేదికే చెప్పింది. కలిగినవారి బిడ్డ పాఠం తప్పితే ఇంట్లో చెప్పేవారుంటారు. బస్తీ బిడ్డకు బడిలో పోయిన పాఠం పోయినట్టే.

బోధనకు గల శక్తికి మన దేశంలోనూ నిదర్శనం ఉన్నది. గ్రామీణ ప్రాంతాలలో జరిగే ‘అసర్’ సర్వే ప్రకారం, ప్రభుత్వ పాఠశాలల మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠం చదవగలిగినవారు 2022లో నూటికి 16.3, 2024లో 23.4. రెండేళ్ళలో ఆ ఇళ్ళ స్థితిగతులు అంతగా మారిపోలేదు. కోవిడ్ కాలంలో మూతపడిన బడులు తెరుచుకున్నాయి, తొలి తరగతుల చదువుపై దృష్టి పెరిగింది. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకున్నారన్నదీ ఆ అంకెలోనే ఉన్నది.

కనుక బారిడీహ్‌లోనైనా బొబ్బిలిలోనైనా ఒక బడి ఫలితం చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగడం మేలు. పరీక్షకు కూర్చున్నవారు ఎందరు? వారి ఇంటి భాష ఏది? ఏడాది మొదట అదే పిల్లవానికి ఏమి వచ్చును, చివరికి ఏమి వచ్చింది? బడులను ఒకదానితో ఒకటి పోల్చడం సులభం; పిల్లవాణ్ణి నిరుటి పిల్లవానితో పోల్చడానికి ఓపిక కావాలి. ఉపాధ్యాయుని కష్టం కనిపించేది మాత్రం ఆ రెండవ పోలికలోనే.