దిండు కింద రెండు దారాలు

 

గత సంక్రాంతి సెలవులలో బోధన్‌లోని మా చెల్లెలు ఫోను చేసింది. "భాయ్‌జాన్, మీరొకసారి వచ్చి మీ భాంజీకి బుద్ధి చెప్పాలి. పొద్దస్తమానం ఇంగ్లీషు సినిమాలే చూస్తోంది. అడిగితే చదువు కోసమే అంటోంది. నా మాట లెక్కచేయడం లేదు, మీ మాటైతే వింటుంది" అన్నది. మద్రసాలో పాఠం ముగించి, జుహర్ నమాజు చేసుకొని నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు ఎక్కాము. దారి పొడుగునా మందలింపు మాటలను మనసులో పేర్చుకొంటూనే ఉన్నాము.

ఒకప్పుడు ఈ కాలంలో ఆ దారి నిండా చెరకు బండ్లు బారులు తీరి ఉండేవి. 1937లో నిజాం ప్రభుత్వ కాలంలో వెలసిన శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారానికి ఆసియాలోనే పెద్దదన్న పేరుండేది. 2015 డిసెంబరులో అది మూతపడింది. అందులో పనిచేసిన మా చెల్లెలి భర్త ఉపాధి పోయి ఇంట కూర్చున్నాడు. కొడుకు గల్ఫ్‌కు వెళ్లాడు. కూతురు మైనారిటీ గురుకులంలో ఇంటర్ చదువుతోంది. నర్సు కావాలన్నది ఆ బిడ్డ కోరిక.

మేము గొంతు సవరించుకోకముందే ఆమె అన్నది: "మామూ, పుస్తకంలోని ఇంగ్లీషు పరీక్షకు చాలుతుంది. కానీ భయ్యాకు ఏమైందో మీకు తెలుసు కదా!"

మాకు తెలుసు. గల్ఫ్‌కు వెళ్లిన మొదటి నెలలో, ఒకనాడు ఎండ మండిపోతుంటే మేస్త్రీ కూలీలందరితో "కాల్ ఇట్ ఎ డే" అన్నాడట. 'కాల్' అంటే పిలవడమని, 'డే' అంటే పగలని మా మేనల్లుడు బడిలో నేర్చుకొన్నవాడే. ఎవరినో పిలవమంటున్నారు కాబోలనుకొని, ఎవరిని పిలవాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు. తక్కినవారందరూ బస్సెక్కి వెళ్లిపోయారు. 'ఈనాటికి పని చాలిద్దాం' అన్నదే ఆ మాటకు అర్థమని తరువాత ఎవరో చెప్పారు. ఫోనులో అతడు నవ్వుతూనే చెప్పాడు. ఆ రాత్రి మా చెల్లెలు మాత్రం అన్నం ముట్టలేదు.

"రేపు ఒక రోగి వచ్చి 'అండర్ ద వెదర్' అంటే నేను కిటికీలోంచి ఆకాశం చూడాలా మామూ?" అని అడిగింది మేనకోడలు. ఆ మాటకు అర్థం మాకూ తెలియలేదు. 'ఒంట్లో నలతగా ఉంది' అని అర్థమట.

పాఠకులతో దాపరికమెందుకు? అరబీ, ఉర్దూ గ్రంథాల నడుమ మా జీవితం గడిచింది. ఇంగ్లీషులో ఉత్తరం వస్తే వీధిలోని బడిపిల్లలను వెతుక్కోవడం మాకు అలవాటు. ఒకసారి అలా ఆలస్యం చేసి, గడువు దాటాక చదివించుకొని నష్టపోయాము కూడా. కనుక మందలింపు మా నోటనే ఆగిపోయింది. "సరే, ఆ సినిమా ఏదో మాకూ చూపించు" అన్నాము.

ఆమె చూపించినది 1990 నాటి 'హోమ్ అలోన్'. పండుగ సెలవులకు ప్యారిస్ బయలుదేరిన ఒక పెద్ద కుటుంబం, తలలు లెక్కించేటప్పుడు పొరుగింటి కుర్రవాణ్ణి కలిపి లెక్కించి, తమ ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి ఇంటిలో మరచిపోతుంది. ఇంటికి కన్నం వేయవచ్చిన ఇద్దరు దొంగలను ఆ పిల్లవాడు ఒంటరిగా ముప్పుతిప్పలు పెడతాడు. పొరుగున ఒక వృద్ధుడున్నాడు. పిల్లలు ఆయన గురించి లేనిపోని కథలు చెప్పుకొని భయపడుతుంటారు. నిజానికి ఆయన కొడుకుతో మాటలు లేక కుమిలిపోతున్న తండ్రి. మీ అబ్బాయికి ఫోను చేయండని ఆ చిన్నవాడు ఆయనకు చెబుతాడు. ఒక్క ఇంగ్లీషు ముక్క రాని మా చెల్లెలు వంటింటి గడపలో నిలబడి చూస్తూ, చివరకు ఒకే ప్రశ్న వేసింది: "ఆ ముసలాయన కొడుకు వచ్చాడా?" వచ్చాడు, పిల్లాపాపలతో వచ్చాడు. బంధుత్వాన్ని తెంచుకోరాదని మేము ఎన్నో జుమా ప్రసంగాలలో చెప్పాము. ఆ పూట మా చెల్లెలి కళ్లలో కనిపించిన తడిని ఏ ప్రసంగంలోనూ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో మాకు హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) వృత్తాంతం జ్ఞాపకం వచ్చింది. ఉపవాసాల రాత్రులలో నల్లదారం నుండి తెల్లదారం స్పష్టమయ్యేవరకు తినవచ్చు, త్రాగవచ్చు అన్న భావం గల ఖుర్ఆన్ వాక్యాన్ని విని, ఆయన నిజంగానే ఒక నల్లదారాన్ని, ఒక తెల్లదారాన్ని దిండు కింద పెట్టుకొన్నారు. రాత్రంతా చూసినా రెండింటికీ తేడా తెలియలేదు. ఉదయం ఆ సంగతి విన్నవిస్తే, అది రాత్రి చీకటిని, ఉషోదయపు వెలుగును ఉద్దేశించిన మాట అని దైవప్రవక్త (స) వివరించారు. ఆయన స్వయంగా అరబ్బు, ప్రఖ్యాత దాత హాతిమ్ తాయీ కుమారుడు. మాతృభాషలోని నుడికారమే అంతటివానిని తికమకపెట్టింది.

మరొక సంఘటన. మీలో చేతులు పొడవైనవారే అందరికంటే ముందు నన్ను కలుసుకొంటారని ప్రవక్త (స) తమ సతీమణులకు చెప్పారు. వారు నిజంగానే చేతులు కొలుచుకొన్నారు. తీరా ముందుగా పరమపదించినది హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి). ఆమె తమ చేతులతో కష్టించి సంపాదించి దానం చేసేవారు. చేతి పొడవంటే దానగుణమని అప్పుడు బోధపడింది. మన తెలుగులో ఉదారుణ్ణి 'చేతికి ఎముక లేనివాడు' అంటాము. వైద్యుడు వింటే ఏమనుకోవాలి?

నిఘంటువు మాటను ఇస్తుంది గాని, మాట వెనుక మనసును ఇవ్వదు. నుడికారం తెలియాలంటే ఎవరు, ఎవరితో, ఏ ముఖంతో, ఏ సందర్భంలో అన్నారో చూడాలి. మనచుట్టూ ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లు లేవు. ఆ లోటును ఇటువంటి చిత్రాలు కొంత తీర్చగలవు. సెలవుల కాలపు కుటుంబ చిత్రాలలో వంటిల్లు, ప్రయాణం, అలకలు, క్షమాపణలు ఉంటాయి. దైనందిన భాష ఉండేది అక్కడే.

మేనకోడలి నోటు పుస్తకం చూశాము. పేజీకి మూడు గళ్లు గీసింది. మొదట ఇంగ్లీషు నుడికారం, ఆ పక్కన తెలుగు, ఆ పక్కన ఉర్దూ. 'కీప్ ఎన్ ఐ ఆన్' ఎదురుగా 'ఓ కన్నేసి ఉంచు', 'నజర్ రఖ్‌నా'. 'పీస్ ఆఫ్ కేక్' ఎదురుగా 'నల్లేరు మీద బండి నడక', 'బాయేఁ హాథ్ కా ఖేల్'. ఉర్దూ గడి నింపడంలో మేమూ సాయపడ్డాము. మాకు తెలియకుండానే ఆ సాయంత్రం పది ఇంగ్లీషు నుడులు నేర్చుకొన్నాము.

ఈ పద్ధతిని అనుసరించదలచిన ఇళ్లకు కొన్ని సూచనలు. సెలవులలో పది సినిమాలు చూడడం కంటే ఒకే సినిమాను మూడుసార్లు చూడడం మేలు. మొదటిసారి కథ కోసం, రెండవసారి తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకొని మాటల కోసం, మూడవసారి అక్షరాలు తీసివేసి చెవి కోసం. తెలుగు అనువాదం పెట్టుకొంటే కన్ను దానినే చదువుతుంది, చెవి నిద్రపోతుంది. విడి మాటను కాక పూర్తి వాక్యాన్ని రాసుకోవాలి, పైకి పలకాలి, ఆ రోజే ఒకసారి వాడాలి.

జాగ్రత్తలూ ఉన్నాయి. ఫోను పట్టుకొని గదిలో ఒంటరిగా కాక, నలుగురిలో కూర్చొని చూడాలి. ఏ చిత్రమో పెద్దలు ముందుగా తెలుసుకోవాలి. అజాన్ వినబడితే ఆపాలి. 'హోమ్ అలోన్'లోనూ పిల్లలు పెద్దలను, ఒకరినొకరు తూలనాడే మాటలున్నాయి. వాటిని అర్థం చేసుకోవడానికి నేర్వాలి, అనడానికి కాదు. సినిమా మాటను ప్రిన్సిపాలుకు రాసే దరఖాస్తులో పెట్టరాదు. ఇక అది ఇతరుల పండుగ కథ కదా అని అడిగేవారికి మా మనవి: పొరుగువాని పండుగను తెలుసుకోవడం వేరు, దానిని మన ఆచారం చేసుకోవడం వేరు. బతుకమ్మ పాటలు వింటూ పెరిగిన ఇందూరు ముస్లిములకు ఈ తేడా ఒకరు చెప్పనక్కరలేదు.

పరభాష అంటే బెదిరేవారికి హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఆదర్శం. యూదులతో ఉత్తరప్రత్యుత్తరాల కోసం ప్రవక్త (స) ఆజ్ఞాపించగా, ఆ యువకుడు దాదాపు పక్షం రోజులలో వారి లిపిని నేర్చారు. మన శక్కర్‌నగర్ పేరునే చూడండి. సంస్కృత శర్కర పారసీకంలో 'షకర్' అయింది, అరబీలో 'సుక్కర్' అయింది, పడమటి భాషల మీదుగా ఇంగ్లీషులో 'షుగర్' అయింది. మన చెరకు తోటల మాట ప్రపంచం చుట్టి వచ్చింది. మన పిల్లలు వెళ్లలేరా?

ఇప్పుడు ప్రతి శుక్రవారం మా మేనల్లుడు గల్ఫ్ నుండి ఫోను చేస్తున్నాడు. అన్నాచెల్లెళ్లు ఆ వారం నేర్చిన నుడులను అప్పజెప్పుకొంటున్నారు. మొన్న అతడు నవ్వుతూ మాతో "మామూ, ఇప్పుడు బస్సు తప్పిపోవడం లేదు" అన్నాడు.

దిండు కింద దారాలు పెట్టుకొన్నవారిని ప్రవక్త (స) గద్దించి పంపలేదు, కూర్చోబెట్టి అర్థం చెప్పారు. మన పిల్లలు అర్థం కాక తికమకపడినప్పుడు వారి పక్కన కూర్చొనే ఓర్పును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.