తీరమున కొక కాలిబాట

బాపట్ల జిల్లా సముద్రతీరమును గూర్చి మాట వచ్చినప్పుడెల్లను ఓడరేవులు కట్టుటను గూర్చియో, విడిదిగృహములు కట్టుటను గూర్చియో పెద్దలు ప్రసంగింతురే కాని, ఆ తీరము వెంబడి కాలినడకను పోదలచినవానికి దారి యెటు, దాహము తీర్చువా రెవరు, చీకటి పడినచో తల దాచుకొనుట కెక్కడ యని విచారించినవారు నా కింతవరకు కనబడలేదు. కార్తికపూర్ణిమకును మాఘపూర్ణిమకును సూర్యలంకలో ఇసుక వేసిన రాలనంత జనము చేరును. చేరినవారు మూడు మునకలు వేసి తడిబట్టలతోనే తిరుగుబస్సు నెక్కుదురు. ఆదివారములందు కార్లలో వచ్చు యువకులు మిరపకాయబజ్జీలు తిని, ఫోనులతో ఫొటోలు దిగి, ప్రొద్దు క్రుంకక మునుపే మరలిపోవుదురు. వీరిలో కుడికో యెడమకో తిరిగి అరక్రోసెడు దూరమైనను నడచినవాడు అరుదు. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని మనవా రూరక యనలేదు.

వేల్సు దేశమువారు 2012వ సంవత్సరమున తమ సముద్రతీరము పొడవునను సాగిపోవు కాలిబాట నొకదానిని తెరచిరి; దాని నిడివి సుమారు 1400 కిలోమీటర్లు. ఇంగ్లండులో 2009వ సంవత్సరపు చట్టము తీరము వెంబడి నడచుటకు ప్రజలకు హక్కు కల్పించినది. అచ్చటి యిసుకతిన్నెలను, గాలికి తలలూపు గడ్డిబయళ్ళను, కూలిన కోటలను చూచుటకై మన పిల్లలును విమానము లెక్కి పోవుచున్నారు. పోవచ్చును, కాని ఇసుకతిన్నె, బయలు, పాడుపడిన పట్టణము అను మూడును మోటుపల్లి మొదలుకొని కృష్ణవేణి కడలి గలియు తావు వరకు వరుసగా నుండగా, మన తీరమునకు లోపించినది ప్రకృతి కాదు, చరిత్ర కాదు, నడచువాని యెడల నాదరము మాత్రమేయని నా యభిప్రాయము.

మోటుపల్లి నేడు చినగంజాము మండలములో నొక పల్లె. వీరభద్రాలయమును, కోదండరామాలయమును తప్ప ఇచ్చట నొకప్పుడు మహానౌకాశ్రయ ముండెనని సాక్ష్యము చెప్పునవి పైకి కొలదిగనే కనబడును. కాకతీయ గణపతిదేవుడు శకవర్షము 1166న, అనగా క్రీ. శ. 1244-45 ప్రాంతమున, ఇచ్చట వేయించిన అభయశాసనము చరిత్రవిద్యార్థు లెల్ల రెరిగినదే. తుఫానుకు చిక్కి ఒడ్డున బడిన ఓడలలోని సరకును పూర్వరాజులు బలిమిని గైకొనుచుండిరనియు, ప్రాణములకు తెగించి సముద్రము దాటివచ్చిన వర్తకులయందలి దయచే తాను నిర్ణీతమైన సుంకము దప్ప మరేమియు ముట్టననియు నా ప్రభువు అందు ప్రకటించెను. పిమ్మట నదే శతాబ్దమున మార్కో పోలో యను వెనిసు నగరవాసి ఈ సీమను ముత్ఫిలి యని పేర్కొని, ఇచ్చటి వజ్రములను, సాలెగూటి పోగులవలె సన్నమైన వస్త్రములను, దేశము నేలుచున్న రాణియొక్క న్యాయబుద్ధిని కొనియాడెను. రుద్రమదేవిని రాజుగారి వితంతువని యాతడు పొరబడెను, ఆమె గణపతిదేవుని కుమార్తె. వస్త్రముల విషయమున మాత్రము పొరబడియుండడు. 1358లో రెడ్డిరాజగు అనపోతారెడ్డియు నీ రేవుననే వర్తకులకు మరల అభయ మొసగెను. ఒకే ఊర ఇరువంశముల రాజులు బాటసారికి భరోసా యిచ్చుటకై రాళ్ళు చెక్కించిరి. మనమో ఆ రాళ్ళున్న చోటికి తీరము వెంబడి నడచిపోవువానికి దారి చూపు గురుతు రాయినైనను నిలుపలేకున్నాము.

మోటుపల్లి నుండి ఈశాన్యముగా సముద్రమును కుడిచేత నుంచుకొని నడచినచో తొలుదొల్త కనబడు భూమి వింతయైనది. ఒడ్డున రావణాసురుని మీసములు, బాలబందతీగ, మొగలిపొదలు, వాని వెనుక సరుగుడు, జీడిమామిడి తోపులు, ఆవల తాడిచెట్లు, మరియు లోపల పైరు పండని, పశువులు మేయు ఉప్పుబారిన పర్రలు. పైరు లేదని పర్రను బీడని తీసివేయువారు వానకాలము వెళ్ళిన పిదప నిలిచిన పలుచని నీటిలో కొంగలు బారులు తీరి యుండుట చూడనివారు. ఈ యిసుకనేలలో నొక విచిత్రము కలదు. ఉప్పుసముద్రమునకు పిలుపుదూరమున మోకాలిలోతు చెలమ తీసినచో కొంతసేపటికి అడుగున నీరూరును. దోసిట పట్టి త్రాగిచూడుడు, తియ్యగా నుండును. ఇసుకలో నింకిన వాననీరు తేలికయగుటచే అడుగునున్న ఉప్పునీటిపై తేలియుండును. ఆశపడి లోతు త్రవ్వినచో, లేక యంత్రము పెట్టి తోడినచో, ఉప్పు పైకి వచ్చును. ఈ మర్మ మెరిగియే ఇచ్చటి రైతులు లోతు తక్కువైన దొరువులు త్రవ్వి, కడవలతో నీరు మోసి, వేరుసెనగను, కూరపాదులను పెంచుచు వచ్చిరి. 1945లో వ్యవసాయ కళాశాల వెలసిన బాపట్లలోనే శాస్త్రజ్ఞులు ఈ పైతేటనీటిని చెదరకుండ తోడు నుపాయములపై పరిశోధనలు సాగించిరి. కారులో కూర్చుండి జాతీయరహదారి 216 మీద పరుగెత్తువానికి దొరువు కంటబడినను గుంటయనియే తోచును.

రామాపురము, వాడరేవుల దాపున అలివివల లాగుచుండగా చూచుటకు తీరిక కావలెను. నావ యొకటి త్రాటికొన నొడ్డున విడిచి, వలను అర్ధచంద్రాకారముగా వదలుచు పోయి, రెండవ కొనను దూరముగ మరియొక చోట గట్టు చేర్చును. రెండు జట్లవారు నడుములు వంచి వెనుకకు నడచుచు లాగుదురు. లాగినకొలది జట్ల నడుమ నెడము తగ్గును. తుదకు సంచి యొడ్డునపడి కవళ్ళు, నెత్తళ్ళు తళతళలాడుసరికి గంపలతో కాచుకొనియున్న స్త్రీలు బేరమునకు దిగుదురు. అట్లొక యుదయమున నేను చేతిలో చెప్పులు పట్టుకొని వచ్చుచుండుట చూచి, ఎండుచేపలు తిరగవేయుచున్న ముసలమ్మ యొకతె, "ఏం బాబూ, బస్సు తప్పిపోయిందా?" యని నిజముగనే జాలిపడినది. నడచుట కోసమే నడచుచున్నానన్నచో నమ్మదని నవ్వి యూరకుంటిని.

సూర్యలంక చెంత వైమానికదళమువారి స్థావర మున్నది. అచ్చట తీరమును విడిచి లోనికి మరలవలసినదే. దీనిని నేను విఘ్నముగా నెంచను, ఏలయన ఆ మలుపు బాపట్లలోని భావనారాయణస్వామి సన్నిధికి తెచ్చును. గజపృష్ఠాకారమైన గర్భాలయము మన యాలయములలో తరచు కనబడునది కాదు. 2011లో కూలిన గాలిగోపురపు కథను ఊరివారే చెప్పుదురు. 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగినదియు నీ యూరనే.

నిజాంపట్నము దాపున ఇసుక సన్నగిల్లి అడుసు మొదలగును. ఐరోపావారి పత్రములలో పెటాపోలి యని కానవచ్చు రేవిదియే. 1606లో డచ్చివారిచ్చట వర్తకస్థానము నేర్పరచిరి. 1611లో ఇంగ్లీషు కంపెనీవారి గ్లోబు అను ఓడ మచిలీపట్నమునకు పోవుటకు ముం దిచ్చట నాగినది. ఇప్పుడు రేవులో నున్నవి చేపల పడవలు. వాని కవతల కృష్ణ ముఖమువరకు మడయడవులు. పోటు తగ్గినప్పుడు అడుసులోనుండి మేకులు తలక్రిందుగా దిగగొట్టినట్లు మడచెట్ల ఊపిరివేళ్ళు వేలకొలది పైకి పొడుచుకొని కనబడును. ఇచ్చట కాలు పెట్టరాదు. పడవ వలయును, పడవవాడు వలయును.

ఆంధ్రా ప్యారిసని తమ యూరిని ముద్దుగా పిలుచుకొను తెనాలివారికి ఈ యాత్ర ఇంకను సులభము. 1916లో పడిన రేపల్లె రైలుమార్గము వేమూరు మీదుగా భట్టిప్రోలును తాకుచు పోవుచున్నది. భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండరు రే కనుగొన్న ధాతుకరండములపై వ్రాతలు దక్షిణదేశపు లిపిచరిత్రకే తొలి పుటలు. అంతకు మునుపే దాని యిటుకలు రోడ్డు పనులకు తరలిపోయెను! మిగిలిన దిబ్బ చుట్టును నేడు కంచె యున్నది. వెలనాటిచోడులు రాజధానిగా నేలిన చందవోలు, ఇప్పటి చందోలు, బాపట్లకును రేపల్లెకును నడుమ ఆ పాతవైభవమును మరచిన పల్లెగా నున్నది. అచ్చటి లింగోద్భవాలయమును చూచుటకు దారి తప్పి పోయినను నష్టము లేదు.

ఇక చేయదగిన దేమి? కాంక్రీటు బాట నేను కోరను. ఇసుకలో కాంక్రీటు పోసినవారికి తుఫానే బుద్ధి చెప్పును. 2023 డిసెంబరు 5న మిచాంగు తుఫాను బాపట్ల చెంతనే తీరము దాటినది. కావలసినవి గురుతు రాళ్ళు, మురుగుకాల్వల మొగలవద్ద మనిషిని దాటించు పల్లెవారి పడవలు, వానికి న్యాయమైన కిరాయి, రాత్రికి చాప పరచుకొను చోటు. ఈ చోటు కొరకు క్రొత్త కట్టడ మక్కరలేదు. తీరగ్రామములలో ప్రభుత్వము కట్టిన తుఫాను షెల్టర్లు గాలివాన లేని దినములందు ఊరకయే యుండును. పుష్యము నుండి ఫాల్గుణము వరకు బాటసారులకు వానిని తెరచినచో వచ్చిన రుసుముతో మరమ్మతులైనను జరుగును. జనము చేరినచో చెత్త చేరుననియు, నీటదిగి మునుగుదురనియు ఆక్షేపింతురు. చెత్త కారులో వచ్చినంతగా భుజసంచిలో రాదు. మునుగువారు ఒకేచోట గుంపుగూడి స్నానమునకు దిగువారే కాని ఒడ్డువెంట సాగిపోవువారు కారు. రాత్రివేళ గ్రుడ్లు పెట్టుటకు వచ్చు ఆలివ్ రిడ్లే తాబేళ్ళకు కావలసినది చీకటి, నిశ్శబ్దము; కావున ప్రొద్దు క్రుంకిన పిదప నడక మాన్పింపవలెను, ఇసుకపై వాహనముల నన్నివేళల నిషేధింపవలెను.

మొదట మోటుపల్లి నుండి వాడరేవు వరకు చాలును. బాపట్ల, తెనాలి, రేపల్లె కళాశాలల విద్యార్థులను సంక్రాంతి సెలవులలో పంపినచో, మొగలెక్కడ, చెలమ లెక్కడ, నీడ యెక్కడ యని వారే పటము గీసి తేగలరు. షెల్టర్ల తాళపుచెవులు ఏ గ్రామమున నెవరియొద్ద నుండవలెనో మాత్రము అధికారులు ముందుగా తేల్చవలెను.