అన్నమే మందైన చోట



డైటీషియన్ అనగానే మనకు గుర్తుకు వచ్చేది పెద్దాసుపత్రిలో ఒక గది. షుగరు, బి.పి. ఉన్నవారికి అన్నము తగ్గించండి, ఉప్పు తగ్గించండి అని చీటీ వ్రాసి ఇచ్చేవారు అక్కడ కూర్చుంటారు. అయితే తినమని చెప్పి, ఆ ముద్ద మింగేవరకు ప్రక్కన నిలిచే డైటీషియన్లు కూడ ఉన్నారు. ఈ నెల వారి పనిని గూర్చి వ్రాయదలచితిమి. అందులో తల్లిదండ్రులు నేర్చుకొనదగినది చాల ఉన్నది.

వారి యొద్దకు వచ్చేవారు ఎవరు? లావైపోతామన్న భయముతో తిండి మానుకొని, ఎముకలు తేలినా అద్దములో తమకు తాము లావుగానే కనబడేవారు కొందరు. 1873లో లండను వైద్యుడు విలియం గల్ ఈ జబ్బుకు అనొరెక్సియా నెర్వోసా అని పేరు పెట్టాడు. మరికొందరు ఆపుకొనలేక ఒక్కసారిగా విపరీతముగా తిని, చాటుగా కక్కివేస్తారు. దీనిని 1979లో జెరాల్డ్ రస్సెల్ అను వైద్యుడు బులీమియా నెర్వోసా అన్నాడు. ఇవి ఆడపిల్లలలో ఎక్కువ, మగపిల్లలకూ వస్తాయి. ఇది పొగరు కాదు, మొండితనము కాదు. ప్రాణము తీయగల జబ్బు.

లంఖణము పరమౌషధమని పెద్దలు అంటారు. ఈ జబ్బులో లంఖణమే విషము. ఆకలి మనిషిని ఏమి చేస్తుందో 1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో చూచారు. యుద్ధములో కృశించిన ప్రజలకు తిరిగి తిండి ఎలా పెట్టాలో తెలిసికొనుటకు యాన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు చేసిన పరిశోధన అది. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు తమంతట తామే దానికి ఒప్పుకున్నారు. వారు ఆయుధము పట్టుటకు మనస్సాక్షి అంగీకరించనివారు. బ్రదరన్, క్వేకర్, మెన్నొనైట్ సంఘములవారు వారిలో ఉన్నారు. 24 వారములు వారికి తిండి ఇంచుమించు సగానికి తగ్గించారు. శరీరపు బరువులో దాదాపు నాలుగవ వంతు పోయినది. అంతకంటె మనస్సులో వచ్చిన మార్పు పెద్దది. ఎప్పుడు చూచినా తిండిని గూర్చిన తలంపే. వంటల పుస్తకములు చదివేవారు, చిన్న మాటకే కసరుకొనేవారు, స్నేహితులకు దూరమైపోయారు. ఎండాకాలములోనూ చలి అన్నారు.

జబ్బు లేని యువకులనే ఆకలి ఇంత మార్చినదంటే, నెలల తరబడి తినని పిల్ల కసరుకొనుటలో ఆశ్చర్యమేమి? ఆకలిగొన్న మెదడుకు బుద్ధులు ఎక్కవు. ముందు అన్నము, తరువాత మాట. డైటీషియన్ పని ఇక్కడే మొదలవుతుంది.

అయితే కంచము నిండా వడ్డించుట కాదు. బాగా చిక్కిపోయినవారికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తములో భాస్వరము, పొటాషియము పడిపోయి గుండెకే ప్రమాదము. కనుక వైద్యుడు రక్తపరీక్షలు చూస్తూ ఉండగా, ఆ డైటీషియన్ కొలత ప్రకారము మెల్లగా పెంచుతారు.

తరువాత వేళ. రోజుకు మూడు భోజనములు, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. మూడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచరు. కక్కివేసేవారికి ఇది మరీ అవసరము. ఒక పూట మానితే ఆ ఆకలే మరల విపరీతముగా తినిపిస్తుంది. కడుపు ఉబ్బినదని రోగి ఏడిస్తే, చాలాకాలము పని లేక జీర్ణాశయము మందగించినదని, తింటూ ఉంటే సర్దుకుంటుందని ఓపికగా చెబుతారు. ఆ పిల్ల భయపడే పదార్థములను వరుసగా వ్రాయిస్తారు. ఇడ్లీకి భయము తక్కువైతే అక్కడ మొదలు. నెయ్యి, వేపుడు, బిర్యానీ తరువాత ఒక్కొక్కటిగా. సగము ఇడ్లీ మిగిల్చినా తిట్టరు. మరుసటి పూట మరల వేళకు వడ్డిస్తారు.

1980లలో లండనులోని మాడ్స్‌లీ ఆసుపత్రి వైద్యులు తల్లిదండ్రులను ఈ చికిత్సలోనికి తెచ్చారు. తప్పు మీది అని వారిని నిందించక, పిల్ల కంచము బాధ్యతను కొంతకాలము వారి చేతికే ఇచ్చారు. మన ఇండ్లలోనూ ఇది చేయవచ్చును. పిల్లతోపాటు కూర్చుని, అదే కూర మీరూ తినండి. లావయ్యావు, చిక్కావు అనే మాటలు ఇంట వినబడనీయకండి. కోలుకుంటున్న పిల్లతో ఒళ్ళు చేశావమ్మా అని మెచ్చుకొనకండి. ఆ మాటకే మరునాడు కంచము తోసివేయవచ్చును.

ఉపవాసమును గూర్చి ఒక మాట. వారమునకు ఒక పూట ఉన్నది మూడు దినములై, మానమంటే పిల్ల వణికిపోతుంటే, దానిని భక్తి అని మురిసిపోకండి. రోగికి ఉపవాసము భారము కాకూడదు. యాయీరు కుమార్తె పన్నెండేండ్లది. ఆమెను లేపిన ప్రభువు ఆ ఇంటివారికి వెంటనే చెప్పిన పని, ఆమెకు తినుటకు ఏమైనా పెట్టమని.

నెలసరి ఆగిపోవుట, భోజనము కాగానే స్నానాల గదికి పోవుట, పండ్ల పైపొర అరుగుట, ఎప్పుడూ చలి అనుట చూస్తే ఆలస్యము చేయకండి. సొమ్మసిల్లి పడినా, గుండె దడ వచ్చినా ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోండి. ఈ పని తెలిసిన డైటీషియన్ ప్రతి ఊరిలో దొరకరు. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుని అడగండి. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ 14416 నంబరుకు డబ్బు ఖర్చు లేకుండ ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును.

కోలుకొనుటకు నెలలు, కొందరికి సంవత్సరములు పట్టును. ఈ పూట తినలేదని రాత్రి భోజనము వేళ మార్చకండి. ఆ వేళకు కంచము పెట్టండి, ప్రక్కన కూర్చోండి.