బుడగ పగిలింది సరే... గురి కుదిరిందా?

మన సినిమా హీరోకి గురి తప్పడమన్నది తెలియదు. గుర్రం దౌడు తీస్తూంటే వెనక్కి చూడకుండానే పేలుస్తాడు, అవతల ముగ్గురు దొర్లిపోతారు. ఒక్క గుండుకి ముగ్గురెలా పడ్డారయ్యా అని అడిగారా, పక్క సీటాయన మిమ్మల్నే కాల్చేసేలా చూస్తాడు! 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు'తో కృష్ణగారు కౌబాయ్ టోపీ పెట్టి, రాజస్థాన్ ఇసుకలో తుపాకీ తిప్పినప్పుడు మొదలైన మోజు ఇది. 1990లో 'కొదమసింహం' చిరంజీవిగారు, 2002లో 'టక్కరిదొంగ' మహేష్‌బాబు ఆ గుర్రమే ఎక్కారు. 2023లో ఆ పాత 'మోసగాడు' మళ్ళీ తెరమీదికొస్తే, తాతల నాటి బొమ్మకి మనవలు ఈలలు వేశారు.

ఆ ఈల వేసిన కుర్రాడే పటాన్‌చెరు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, శివరాత్రికి బీరంగూడ జాతరకో, ఝరాసంగం జాతరకో వెళతాడు. అక్కడ రంగులరాట్నం పక్కన, చెక్కపలక మీద వరసలుగా బుడగలు, ముందు బల్లమీద ఎయిర్‌గన్ను. ఇక ఆగుతాడా? ఒక కన్ను మూసి, పెదవి బిగించి, అచ్చం పోస్టర్లో హీరోలా నిలబడి టప్పున నొక్కుతాడు. బుడగ నవ్వుతూ అలాగే ఉంటుంది.

"అన్నా, నీ తుపాకి సక్కగ లేదే!"

"తుపాకి మంచిగనే ఉన్నది తమ్మీ, నీ చెయ్యే వణుకుతున్నది."

ఈ తగువులో ఇద్దరూ సగం సగం నిజమే చెబుతున్నారు. జాతర గన్ను వందల చేతులు మారి ఉంటుంది. గొట్టం కదులుతూంటుంది, గురి చూసే ముల్లు ఓ పక్కకి ఒరిగి ఉంటుంది. అందుకని మొదటి గుండు ఎటు పోయిందో చూసుకోవాలి. ఎడమకి పోతే రెండోది కుడివైపు జరిపి పెట్టాలి. పైకి పోతే కిందికి దించాలి. ఇక కుర్రాడి తప్పంటారా... అతను ట్రిగ్గర్ని గుంజుతాడు. గుంజగానే గొట్టం మూతి పక్కకి లాగేస్తుంది. సగం ఊపిరి వదిలి, ఆపి, వేలి కొసతో మెల్లగా ఒత్తాలి. గుండు ఎప్పుడు వెళ్ళిందో తనకే ఆశ్చర్యం కలగాలి. హీరోయిన్ అలక తీర్చడానికి పనికొచ్చే ఓపికే ఇక్కడా కావాలన్నమాట!

ఈ బుడగల ఆటకి పెద్దన్నయ్య .22 రైఫిల్. దీని తూటాని రిమ్‌ఫైర్ అంటారు. మామూలు తూటాకి అడుగున నడిమధ్య దెబ్బ తగలాలి. దీనికి అంచుమీద తగిలితే చాలు, నిప్పందించే మందు ఆ అంచులోనే ఉంటుంది. గుండు 5.6 మిల్లీమీటర్లు, చప్పుడు తక్కువ, భుజానికి తన్నూ తక్కువ. అందుకే నేర్చుకునేవాళ్ళకి ముద్దు. పరదేశాల్లో దీంతో రకరకాల సరదాలున్నాయి. మెక్సికోలో పుట్టిన ఒక పోటీలో ఇనుపరేకుతో కోసిన కోడి, పంది, టర్కీ కోడి, పొట్టేలు బొమ్మల్ని నిలబెడతారు. .22 రైఫిల్‌తో అయితే కోడి 40 మీటర్లలో, పొట్టేలు 100 మీటర్లలో. తగిలితే చాలదు, బొమ్మ పడిపోవాలి. సంక్రాంతి పందేలవాళ్ళు ఈ రేకుకోడికి మారితే బావుణ్ణు అనిపిస్తుంది నాకైతే.

వీళ్ళందరికీ గురువులాంటి ఆవిడ అమెరికాలో ఉండేది. పేరు ఆనీ ఓక్లీ. పేకముక్కని అంచు మనవైపు తిప్పి పెడితే, ఆ అంచుని చీల్చేది! 1894లో ఎడిసన్ కంపెనీ ఆవిడ కాల్పుల్ని ఫిల్ము మీద పట్టింది. అంటే సినిమా ఇంకా ఊయల్లో ఉండగానే తుపాకీ అందులోకి దూరిందన్నమాట. అదీ ఓ ఆడమనిషి చేత్తో.

ఇంతవరకూ చదివి ఆన్‌లైన్లో ఎయిర్‌గన్ను వెతుకుతున్నారా? ఒక్క క్షణం ఆగండి. .22 రైఫిల్‌కి లైసెన్సు లేకుండా చెయ్యి వేయకూడదు. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 బోరు, 20 జూళ్ళ శక్తి దాటని ఎయిర్‌గన్నుకి లైసెన్సు అక్కర్లేదు, నిజమే. లైసెన్సు అక్కర్లేదంటే ప్రమాదం లేదని కాదు బాబూ! ఆ చిన్న సీసపు గుండు కంటికి తగిలితే కన్ను పోతుంది. సినిమాలోలా గోడమీద ఖాళీ సీసాలు వరుసపెట్టి కొడితే గాజుపెంకులు మీ మొహానికే రావచ్చు. రాయికి, నీటికి తగిలిన గుండు ఎటు తిరుగుతుందో దానికే తెలీదు. .22 గుండయితే గురి తప్పాక కిలోమీటరు దాటి పోగలదు. మన పటాన్‌చెరు చుట్టుపక్కల మనిషి లేని కిలోమీటరు ఎక్కడుంది చెప్పండి?

ఇంకో మాట. మన బీరంగూడ పక్కనే అమీన్‌పూర్ చెరువు, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడికి ఎక్కడెక్కడి కొంగలో వస్తాయి. ఎయిర్‌గన్ను చేతిలో ఉన్న కుర్రాడి కన్ను ముందు వాలేది వాటిమీదే. పిట్టని కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. జైలు సంగతి అలా ఉంచండి, మూడడుగుల దూరంలో నీళ్ళు తాగుతున్న పిట్టని కొట్టి హీరో అయినవాణ్ణి ఏ సినిమాలోనూ చూడలేదు. విలన్ అనుచరులు మాత్రం చేస్తుంటారు.

మరి మోజు ఎలా తీర్చుకోవడం అంటారా? పటాన్‌చెరు నుంచి హైవే మీద లింగంపల్లి దాటితే హైదరాబాద్ యూనివర్సిటీ ఆవరణలో షూటింగ్ రేంజి ఉంది. 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్‌లో బంగారం కొట్టాడు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు తెచ్చాడు. ఆ ఎయిర్ రైఫిల్ గురి ఎంతో తెలుసా? పది మీటర్ల దూరంలో అర మిల్లీమీటరు చుక్క! జాతర బుడగలో అలాంటివి కొన్ని వేలు పడతాయి.

మన ఇషా సింగ్ అయితే 2018లో, పదమూడేళ్ళకే, జాతీయ పోటీలో హేమాహేమీలని దాటింది. 2023లో హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో నాలుగు పతకాలు. వాటిలో రెండు 25 మీటర్ల పిస్టల్‌వి. అందులో వాడేది మనం పైన చెప్పుకున్న .22 రిమ్‌ఫైర్ తూటాయే.

ఇక ధనుష్ శ్రీకాంత్. సినిమా తుపాకీకి సగం బలం రీరికార్డింగుది కదా, చప్పుడు తీసేస్తే అది ఉత్త కర్ర. ఈ హైదరాబాద్ అబ్బాయికి పుట్టుకతోనే వినికిడి లేదు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ బంగారం అతనిదే.