ఫ్రెంచి ఉచ్చారణమునకు శిక్షాశాస్త్రమే సోపానము

ఫ్రెంచి నేర్చుకొను తెలుగు విద్యార్థిని తొలుత బాధించునది వ్యాకరణము కాదు, ఉచ్చారణము. మన యొద్ద ఆ భాషను ప్రాయికముగా ఇంగ్లీషు ద్వారమున బోధింతురు. ఈ బాధలో చాల భాగము ఆ మార్గము వలననే కలుగుచున్నదని నా అభిప్రాయము.

ఒక నిదర్శనము. ఫ్రెంచి తకారము దంత్యము, అల్పప్రాణము. మన తకారమునకు అతిసన్నిహితము. ఇంగ్లీషు అలవాటు చొప్పున విద్యార్థి దానిని టకారముగా పలుకును. పదాదినున్న క, ప లకు మహాప్రాణచ్ఛాయను చేర్చును. చేతనున్న వర్ణమును విడిచి అరువు దోషమును తెచ్చుకొనుటయే ఇది.

తెలుగున లేని ధ్వనులకు సైతము స్థాన, కరణ, ప్రయత్న వివేచనము దారి చూపును. ఫ్రెంచిలో ఇ, ఉ లకు నడుమదిగా తోచు ఒక అచ్చు కలదు. నాలుకను ఇకారస్థానమున నిలిపి, పెదవులను మాత్రము ఉకారమునకు వలె చుట్టినచో అది సిద్ధించును. దానికి మారుగా ఉకారమునే పలికినచో 'పైన' అను పదము 'క్రింద' అను పదమై అర్థము తలక్రిందులగును.

అనునాసికాచ్చుల తుదిని మనవారు నకారమునో మకారమునో చేర్చుదురు. అచట హల్లు లేదు. నోటను ముక్కునను ఏకకాలమున గాలి వెడలు అచ్చు మాత్రమే కలదు. 'మంచి' అను విశేషణము పుంలింగమున అనునాసికాచ్చుతోను, స్త్రీలింగమున శుద్ధాచ్చు పై నకారముతోను ముగియును. కావున ఈ దోషము లింగభేదమునే చెరచును. అరసున్న పూర్వోచ్చారణమును వివరింపగల అధ్యాపకుడు ఈ పాఠమును సగము చెప్పినట్లే.

ఇక పదసంధి. సామాన్యముగా వినబడని పదాంతహల్లు అచ్చు పరమైనపుడు పెక్కుచోట్ల వినబడును. అయినను కొన్ని పదములు ఈ కలయికను సహింపవు. 'వీరులు' అను పదమును ముందున్న బహువచన చిహ్నముతో కలిపి పలికినచో 'సున్నలు' అని వినబడును! ప్రగృహ్యసంజ్ఞ నెరిగినవానికి ఇట్టి నిషేధము వింత కాదు.

శిక్ష యొక్కటే సర్వమును సాధించునని నా వాదము కాదు. ఫ్రెంచి రేఫము నాలుక మొదట, కొండనాలుక చెంత పుట్టును; దానిని నిత్యశ్రవణముచే, తన పలుకును ధ్వనిముద్రణము చేసి సరిపోల్చుకొనుటచే సాధింపవలెను. చెవి తెలియనిదే నోరు తిరుగదు. అయినను ఏమి వినవలెనో, ఏ అవయవమును ఎట్లు కదల్పవలెనో తెలుపునది శాస్త్రమే.

లూయీ రెనూ పాణినీయమును ఫ్రెంచిలోనికి అనువదించి 1948-1954 మధ్య ప్రకటించెను. వారు మన శాస్త్రమును తమ భాషలోనికి గొనిపోయిరి. మనము అదే శాస్త్రముతో వారి భాషను పలుక నేర్వలేమా? మన కళాశాలలలో శిక్ష పరీక్షకై వల్లించి మరచు పాఠముగా మిగిలిపోరాదు. ఫ్రెంచి తొలి పాఠమునకు ముందే దాని ధ్వనులను స్థానక్రమమున తెలుగు లిపిలో పట్టికగా కూర్చి బోధించినచో విద్యార్థికి భాషయు అబ్బును, శాస్త్రమును సజీవమగును.