ఐటీఐ అయిపోతే చదువు అయిపోయినట్టేనా?



పోస్టు కొంచెం పెద్దగుంటది. ఐటీఐ చదువుతున్నోళ్లు, చదివి పనికి పోతున్నోళ్లు మాత్రం ఆఖరి దాకా చదవండి.

మాది జైపూర్ మండలం. ఇక్కడి సింగరేణి థర్మల్ ప్లాంటు సామర్థ్యం 1200 మెగావాట్లు, 2016 నుంచి నడుస్తుంది. మా ఇంట్ల పదో తరగతి దాటింది నేనే మొదలు. పది పాసైనంక మా బాపు ఒక్కటే అన్నడు, "చేతిల పని ఉంటే ఆకలితో సావవు బిడ్డా" అని. ఐటీఐ ఎలక్ట్రీషియన్ల చేరిన. బాపు మాట తప్పని ఇప్పటికీ అనను. కానీ ఐటీఐ చదివినోడు పై చదువుకు పనికిరాడు అనే మాటను ఒప్పుకోను.

ఐటీఐల ఉన్న రెండేండ్లు ఎల్పీసెట్ అనే పేరు మాకు ఎవ్వరూ చెప్పలే. హాస్టల్ల ఒక సీనియర్ అన్న చెప్తే తెలిసింది. రెండేండ్ల ఐటీఐ పాసై, బ్రిడ్జి కోర్సు పూర్తి చేసి, ఎల్పీసెట్ రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో సంవత్సరంలో చేరొచ్చు. డిప్లొమా అయినంక ఈసెట్ రాస్తే బీటెక్ కూడా రెండో సంవత్సరం నుంచే.

లెక్క వేసి చూడండి. ఇంటర్ నుంచి పోతే 2, 4 కలిపి 6 ఏండ్లు. ఐటీఐ నుంచి పోతే 2, 2, 3 కలిపి 7 ఏండ్లు. తేడా ఒక్క ఏడాది!

నా పక్క బెంచీ దోస్తు నాకంటే మంచిగ వైరింగు చేసేటోడు. బ్రిడ్జి కోర్సు సంగతి తెలిసేసరికి తేదీ దాటిపోయింది. ఇప్పుడు కాంట్రాక్టు హెల్పర్. మళ్లీ రాయరా అంటే "ఇంట్ల బియ్యం ఎవరు తెస్తర్రా?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు.

సీటొచ్చిన నాకు వేరే కష్టం. ల్యాబుల స్టార్-డెల్టా స్టార్టర్ కనెక్షన్ నేనే ముందు ఇస్త, తోటోళ్లు నన్ను అడిగి చేస్తరు. మ్యాథ్స్ క్లాసుల మాత్రం తల వంచుకొని కూసుంట. వాళ్లు మొదటి సంవత్సరంలో నేర్చుకున్న లెక్కలు నేను చూడనే లేదు. తెలివి తక్కువై కాదు, నడుమ ఒక మెట్టు లేదు, అంతే.

అందుకే నేను అడిగేవి మూడు.

ఒకటి, ఐటీఐ మొదటి సంవత్సరంలోనే ఈ దారి చెప్పాలె. ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఏటీసీలుగా మార్చే పని పెట్టుకుంది. కొత్త మిషన్లు రావడం మంచిదే. ఆ మిషన్ల పక్కన పై చదువు సంగతి చెప్పే ఒక మనిషిని కూడా కూసోబెట్టండి.

రెండు, గిరిజన హాస్టళ్లల్ల రోజుకో గంట మ్యాథ్స్ ట్యూషన్. ఉట్నూరు ఐటీడీఏ తలుచుకుంటే ఇది పెద్ద ఖర్చు కాదు.

మూడు, పని చేసుకునేటోళ్లకు సాయంత్రం క్లాసులు. ఉద్యోగం చేస్తున్నవాళ్ల కోసం వీలైన వేళల్లో కోర్సులు నడపడానికి ఏఐసీటీఈ 2023లోనే దారి తెరిచింది. మన బొగ్గుగనుల ప్రాంతంలో నస్పూర్‌లో సింగరేణి పాలిటెక్నిక్ ఉంది, సెంటినరీ కాలనీలో జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. వారం వారం షిఫ్టు మారే మనిషికి కుదిరేటట్టు ఇక్కడ క్లాసులు పెడితే నా దోస్తు బియ్యమూ తెస్తడు, చదువూ చదువుతడు.

"అందరూ ఇంజినీర్లే కావాల్నా?" అని కొందరు అడుగుతరు. అక్కర్లేదు. ట్రేడు పనిలోనే మంచిగ బతికేటోళ్లు బతకనీ. కానీ చదవాలని ఉన్నోడు, దారి ఉందని తెల్వక ఆగిపోవద్దు.

ఐటీఐల ఉన్నోళ్లు మీ ట్రేడు, ఏ సంవత్సరమో కింద రాయండి. బ్రిడ్జి కోర్సు, ఎల్పీసెట్ తేదీలు రాంగనే ఈ గ్రూపుల పెడ్త. నా మ్యాథ్స్ నోట్సు కూడా ఫొటోలు తీసి పెడ్త. తప్పులుంటే సీనియర్లు దిద్దండి.